సగం కట్టిన అడుగు

మా ఇంట్లో ఎవరూ ఏ పువ్వునూ పూర్తిగా కట్టరు. సగం పువ్వే కడతారు. బయటివాళ్ళకు చెప్తే నమ్మరు గానీ పోచంపల్లి చిట్కి పని తీరే అంత. చట్రం మీద దారాలను సాగదీసి, మధ్యకు మడిచి, బొగ్గుతో సగం పువ్వు గీసి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కడతారు. రంగులో ముంచి తీసి, ఆరబెట్టి, కట్లు విప్పి మడత తెరిస్తే రెండో సగం దానంతట అదే వచ్చి పక్కన నిలబడుతుంది. కట్టిన సగం మన కష్టం, కట్టని సగం దేవుడి కొసరు అనేవాడు మా బాపు. బాపంటే మా నాన్నే. చిన్నప్పుడు నేనొకసారి పువ్వును రెండు వైపులా శ్రద్ధగా గీసి చూపిస్తే నా చేతిలోంచి బొగ్గు లాక్కున్నాడు.

"గీ తెలివితక్కువ పని ఎవలు నేర్పిండ్రే నీకు? అక్కెర లేని కాడ చెయ్యి తిప్పుడు మన ఇంట్ల లేదు" అన్నాడు.

ఈ మడత సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా బతుకులో నేను అన్నిటికంటే గర్వంగా చెప్పుకునే పని ఆ మడత వల్లే చెడింది. మళ్ళీ ఆ మడత వల్లే నిలబడింది. మా బాపు లేకపోతే ఆ పని చెడిపోయేది కాదు, బాగుపడేదీ కాదు.

నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు నేను భూగర్భశాస్త్రం తీసుకున్నది ఇష్టపడి కాదు. మిగతా సీట్లు నిండిపోయాయి. తీరా చేరాక ఆ చదువు నన్ను పట్టుకుంది. బస్సు కిటికీలోంచి రోజూ చూసిన గుట్టలకు, బండలకు, బావి తవ్వితే వచ్చే ఎర్రటి మొరానికి అన్నిటికీ పుట్టుక ఉందని, అది చదవొచ్చని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మా నల్గొండ రాయి నిప్పులో పుట్టింది. నిప్పులో పుట్టిన రాయి ఎవరి అడుగునూ పట్టదు. అడుగు పట్టాలంటే ఆ రాయి ఒకప్పుడు బురదై ఉండాలి. అందుకే మా జిల్లాలో ఎంత తిరిగినా పాత జంతువుల జాడ దొరకదని, అలాంటి ఆశలుంటే వేరే చోటు చూసుకొమ్మని మా లెక్చరర్ నవ్వుతూ చెప్పేవాడు. నేను నిజంగానే వేరే చోటు చూసుకున్నాను. ఎం.ఎస్సీ. పూర్తిచేసి, హైదరాబాదులో పరిశోధనకు చేరాను.

అక్కడ మా సారు కోస్తా వైపు మనిషి. చెడ్డవాడు కాదు, చదువు నేర్పడంలో ఏ లోటూ చేయలేదు. కానీ నేను మా తీరులో "వచ్చిన సార్" అంటే చాలు, "ఎవరమ్మా వచ్చింది?" అని అడిగి తనే నవ్వుకునేవాడు. నాకు ముక్కు మీద కోపం. కొన్నాళ్ళు ఊరుకున్నాను. ఒకరోజు "నేనే సార్ వచ్చిన. కండ్లకు కనవడ్తలేనా?" అనేశాను. సారు నన్ను చూసి, "కనపడుతున్నావు, కూర్చో" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

తొంభైల మొదట్లో సంగతి ఇది. పాలమూరు జిల్లా పడమటి అంచున, కొడంగల్ దాటాక, నేల రంగు మారుతుంది. ఎర్రనేల పోయి నల్లరేగడి వస్తుంది. ఒకప్పుడు పొరలు పొరలుగా పారిన లావా గట్టిపడిన నల్లరాయి అది. ఒక పొరకూ ఇంకో పొరకూ నడుమ అక్కడక్కడా పలచని తెల్లరాయి కనిపిస్తుంది. లావా రెండు సార్లు పారిన నడిమి కాలంలో అక్కడ మడుగులుండేవి, ఆ మడుగుల అడుగు బురదే ఈ తెల్లరాయి. వయసు ఆరున్నర కోట్ల ఏళ్ళ చిల్లర. నేను ఆ పొరలను కొలుచుకుంటూ ఊరూరా తిరుగుతున్నాను. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చెరువులన్నీ ఎండి పర్రెలు విచ్చాయి.

ఒక ఊళ్ళో నీరటి పరిచయమయ్యాడు. చెరువు తూము తెరిచి మూసి, ఏ మడికి ఎంత నీళ్ళు పోవాలో చూసే ముసలాయన. చెరువే లేనప్పుడు నీరటికి పనేముంటుంది? కట్ట మీద కూర్చుని బీడీ తాగుతూ, రాళ్ళు కొట్టుకుంటూ తిరిగే ఆడపిల్లను చూసి ఆయనకు జాలి వేసినట్టుంది.

"గా రాళ్ళల్ల ఏమున్నది బిడ్డా, రా, దేవుని కోడి అడుగులు జూపిస్త" అన్నాడు.

ఎండిన చెరువు నడుమ, మట్టి కొట్టుకుపోయిన చోట తెల్లరాయి బయటపడి ఉంది. దాని మీద వరసగా గుంతలు. ఒక్కోటి చిన్న చాటంత. ముందుకు మూడు వేళ్ళు, వెనక మడమ. దేవుడి పెళ్ళికి కోయబోతే తప్పించుకున్న కోడి ఈ చెరువులోంచి ఉరికిందని, అందుకే ఆ ఊళ్ళో పెళ్ళికి కోడిని కోయరని నీరటి చెప్పాడు. రెండు కాళ్ళ మీద, మూడేసి వేళ్ళతో నడిచిన రాక్షసబల్లి ఆ బురదలో నడిచి వెళ్ళింది. నేను దాని వెనకాల నిలబడి ఉన్నాను.

ఫొటోలు తీసుకుని పరుగున హైదరాబాదు పోయి సారు ముందు పరిచాను. ఆయన కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"ఎండిన చెరువులో ఎన్ని రకాల గుంతలుండవు? నీళ్ళు సుడి తిరిగినా మూడు పాయల గుంత పడుతుంది. ఒక్క గుంతను చూసి అడుగు అనలేం. ఇది ఎడమ కాలు, ఇది కుడి కాలు అని విడివిడిగా చూపించు. అవి ఒకటి విడిచి ఒకటి వరసగా రావాలి. అప్పుడు జంతువంటాను. వానాకాలం దాటాక సెమినారుంది. అప్పటికి చూపించలేకపోతే టాపిక్ మార్చేద్దాం. గ్రానైటు మీద బోలెడంత పనుంది."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఎడమ కుడి తేల్చనిదే నడక లేదు. కానీ గ్రానైటు అనేసరికి నాకు ఒళ్ళు మండింది. దాన్ని తప్పించుకుందామనే కదా ఇంత దూరం వచ్చింది!

లోతు తెలియకపోతే కాలు తేలదు. ఫొటోలో పాదం అంచు కనిపిస్తుంది గానీ, బరువు ఎటు పడిందో, ఏ వేలు ఎంత దిగిందో కనిపించదు. బయటి దేశాల్లో జంట ఫొటోలతో లోతు లెక్కగట్టే యంత్రాలున్నాయని చదివాను. మా దగ్గరున్నది ఒక కంప్యూటరు. దాని గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. లోపల చలి, నేల మీద తివాచీ. గుడిలోకి పోయినట్టు వట్టికాళ్ళతో పోయి కూర్చునేవాళ్ళం. దాని మీద నేనొక ప్రోగ్రాం రాసుకున్నాను. అడుగు మీద గళ్ళు పరిచి, ప్రతి గడి మూలలో లోతెంతో అంకె ఇస్తే చాలు, తెర మీద ఆ గుంత మళ్ళీ లేస్తుంది. ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, ఒకదాని మీద ఒకటి పరిచి చూడొచ్చు. ప్రింటు తీస్తే లోతు తక్కువ చోట చుక్క, లోతున్న చోట నల్లటి గడి వస్తుంది.

ప్రోగ్రాం అయితే ఉంది, రాయి మీద గళ్ళెట్లా పరచాలి? పోచంపల్లి పోయి బాపుకు చెప్పాను. ఆయన పూర్తిగా వినకముందే నవ్వాడు.

"గిదేమున్నదే! గ్రాఫు కాయితం తీస్కపోయి రాయి మీద పరుస్తనంటున్నవ్. గంతే గదా?"

పాత మగ్గం చెక్కలతో చట్రం చేశాడు. దానికి నిలువునా అడ్డంగా వేలెడు ఎడంలో దారాలు బిగించాడు. లోతు కొలవడానికి గోనె సంచులు కుట్టే దబ్బనం మీద గీతలు పెట్టాడు. చట్రాన్ని అడుగు మీద మట్టంగా నిలిపి, దారాలు కలిసిన చోటల్లా దబ్బనం దింపితే, అది రాయికి తగిలినప్పుడు ఏ గీత దారం దగ్గరుందో అదే లోతు. నూలు రాక ఆ నెల మా మగ్గం ఆగి ఉంది. "ఇంట్ల కూసుని ఈగలు గొట్టుడెందుకు, నేనూ వస్త" అని బయలుదేరాడు. అమ్మ జొన్నరొట్టెలు కట్టిచ్చింది. చట్రం బస్సు మీదికెక్కింది.

"ఏంది పెద్దమనిషీ, గిది కిటికా, మంచమా?" అన్నాడు కండక్టరు.

"కోడడుగులు పట్టే వల" అన్నాడు బాపు, నవ్వకుండా. కండక్టరు ఇంకేమీ అడగకుండా టికెట్టు చించిచ్చాడు.

నీరటీ బాపూ ఒక్క పూటలో దోస్తులైపోయారు. ఒకరి బీడీకి ఇంకొకరు అగ్గిపెట్టె. మగ్గం ఆగినాయన, తూము ఆగినాయన. నీరటి పొద్దున లేచి ఆకాశం చూసి వానకు మొక్కేవాడు. నేనూ అదే ఆకాశం చూసి, ఇంకొన్నాళ్ళు ఆగమని మనసులో వేడుకునేదాన్ని. ఆ మాట ఆయనకెన్నడూ చెప్పలేదు. చెబితే చెరువులోకి అడుగు పెట్టనిచ్చేవాడు కాదేమో.

వరసలో మొదటి అడుగు నేనే కొలిచాను. చట్రం అంతా, మూల నుంచి మూలకు, ఒక్క కూడలి వదలకుండా. బాపు పక్కన కూర్చుని నేను చెప్పిన అంకెలు గ్రాఫు కాగితం మీద రాశాడు. తెల్లరాయి మీద ఎండ కింద నుంచీ పై నుంచీ కాల్చింది. మర్నాడు మధ్యాహ్నం కళ్ళు తిరిగి అక్కడే పడిపోయాను. వడదెబ్బ. నీరటి జీపు మాట్లాడి నన్ను కొడంగల్ దవాఖానలో వేయించాడు. సెలైన్ ఎక్కుతుంటే కిటికీలోంచి మబ్బులు కనిపించాయి. బాపు నా మంచం పక్కన కూర్చుని నుదుటి మీద తడిబట్ట మారుస్తున్నాడు.

"నువ్వు పో బాపూ. మబ్బులు కమ్ముతున్నయ్. నాకేం గాదు, నర్సమ్మ ఉన్నది."

"నాకు సాతనైతదానే?"

"చట్రం నీది, దబ్బనం నీది. నాకంటె నీ చెయ్యే నిలకడ. పో."

పోయాడు. నేను లేచి మళ్ళీ చెరువు చేరేసరికి వరస మొత్తం పూర్తిచేసి, గ్రాఫు కాగితాలను తువ్వాలలో చుట్టి కట్ట మీద కూర్చున్నాడు. ఒక్క అడుగూ వదల్లేదు. ప్రతి కాగితం నిండా ముత్యాల్లాంటి అంకెలు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రమే వాన దిగింది. నీరటి కట్ట మీద రెండు చేతులూ చాపి తడుస్తూ, ఎవరినో పేరుపెట్టి తిడుతున్నట్టు ఆకాశాన్ని తిట్టాడు. ఇన్నాళ్ళూ ఎటు పోయావని. బాపు కాగితాలను చొక్కా లోపల పెట్టుకున్నాడు.

హైదరాబాదులో కంప్యూటరు గదిలో కూర్చుని ఆ అంకెలన్నీ ఎక్కించాను. మొదటి పాదం లేచింది. నేను కొలిచింది. ఒక వైపు వేలు పొడుగ్గా సాగి మడమలో కలిసింది, రెండో వైపు వేలు పొట్టిగా, దాని వెనక చిన్న నొక్కుతో. అచ్చంగా పాదం. రెండోది తీశాను. మూడోది తీశాను. తెర మీద లేచిన ప్రతి పాదం మధ్య వేలికి ఇటూ అటూ ఒకటే. అద్దం పెట్టినట్టు.

మన పాదాన్నే మధ్యకు మడిచామనుకోండి. బొటనవేలి మీద చిటికెనవేలు పడుతుంది. రెండూ ఎక్కడైనా సమానంగా కలుస్తాయా? ఆ తేడా వల్లే ఏది ఎడమ కాలో ఏది కుడి కాలో తెలుస్తుంది. ఇటూ అటూ ఒకటే ఉన్న పాదానికి ఎడమా లేదు, కుడీ లేదు. సారు నా వెనక నిలబడి చూశాడు.

"ఏమ్మా, ఇది జంతువా, పోచంపల్లి అంచా?"

ఆయన సరదాకే అన్నాడు. నాకు మాత్రం జరిగిందంతా అప్పుడే తెలిసిపోయింది. బాపు సగమే కొలిచాడు. మధ్య వేలి దాకా కొలిచి, మిగిలిన సగం మడతపెట్టి రాసేశాడు.

ఆ రోజే బస్సెక్కి కొడంగల్ పోయాను. మళ్ళీ కొలుద్దామని. కట్ట ఎక్కి చూస్తే చెరువు నిండుగా ఉంది. తెల్లరాయి ఉన్న చోట నీళ్ళ మీద కొంగలు. నీరటి తూము దగ్గర మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు.

"నీ కోడి మునిగింది బిడ్డా. ఊరు బతికింది" అన్నాడు.

ఆయన ముందు ఏడవడం పాపమనిపించింది. మంచిదన్నాను. నిజంగానే మంచిది కూడా. మళ్ళీ బస్సెక్కాక ఏడ్చాను, దుఃఖంతో కాదు, కోపంతో.

ఇంటికి పోయేసరికి బాపు మగ్గం గుంతలో ఉన్నాడు. ప్రింటు కాగితాల చుట్ట ఆయన ముందు పడేశాను.

"ఎందుకు సగమే కొలిచినవ్?"

"ఎవలన్నరే? మొత్తం కొలిచిన. సగం దబ్బనంతోటి, సగం మడతతోటి."

"అది పువ్వు కాదు బాపూ, కాలు! కాలును మడతవెడ్తరా ఎవరన్న?"

మా అమ్మ పోస్తున్న ఆసు ఆపి చూసింది. ఆసు పొయ్యడమంటే నూలును మేకుల చుట్టూ వేల సార్లు తిప్పడం. మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది. ఆమె చెయ్యి ఆపిందంటే ఇంట్లో గొడవ పెద్దదని అర్థం. బాపు గుంతలోంచి పైకి వచ్చాడు. మా వంశంలో కోపం నాతో మొదలు కాలేదు.

"కాలైతేంది? మబ్బులు నెత్తి మీదికొచ్చినయ్, నువ్వు దవాఖానల వడ్డవ్. ఉన్న పొద్దుల అన్నీ ముగించాల్నా వద్దా? అయినా నేనేం తప్పు జేసిన? దేవుడు రెండుసార్లు గీస్తడానే? నిన్ను నువ్వు జూస్కో. ఒక కన్ను గీసి మడతవెట్టిండు. ఒక చెయ్యి గీసి మడతవెట్టిండు. ఒక కాలు గీసి..."

అక్కడ ఆగాడు. నేనూ ఆగాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత ఇద్దరం కిందికి, ఆయన కాళ్ళ వైపు చూశాం. గుంతలోంచి వచ్చిన కాళ్ళు, పక్కపక్కన, వట్టి నేల మీద.

"మడత ఉన్నది బాపూ" అన్నాను. "కాలుల లేదు. పెయ్యిల ఉన్నది." ఒంటికి నడిమిగీత దగ్గర, ఎడమ కాలికీ కుడి కాలికీ మధ్య.

కింద కూర్చుని ప్రింటు కాగితాలను నేల మీద వరసగా పరిచాను. అప్పటిదాకా కోపంలో సరిగ్గా చూడలేదు. అన్నీ ఒక తీరుగా లేవు. ఒకటి లావు, ఒకటి సన్నం, మళ్ళీ లావు, మళ్ళీ సన్నం.

"ఏ దిక్కు కొలిచినవ్? ఎడమ దిక్కా, కుడి దిక్కా?"

"ఎప్పటికీ ఎడమ దిక్కే. గీసుడు ఎడమ కెళ్ళే గదా మొదలు వెడ్తం?"

చిన్నప్పటి నుంచి ఆయన చెయ్యి ఎడమ నుంచే కదిలేది. అదే నన్ను కాపాడింది. జంతువు ఎడమ కాలికి ఎడమ సగమంటే బయటి వైపు. కుడి కాలికి ఎడమ సగమంటే లోపలి వైపు. ఆయన ఒక కాలి బయటి సగాన్ని, ఇంకో కాలి లోపలి సగాన్ని కొలుచుకుంటూ పోయాడు. బయటి సగాన్ని మడతపెడితే లావు పాదం వచ్చింది, లోపలి సగాన్ని మడతపెడితే సన్న పాదం వచ్చింది. అవి ఒకటి విడిచి ఒకటి వస్తున్నాయంటే కాళ్ళు కూడా ఒకటి విడిచి ఒకటి పడ్డాయి. సారు అడిగింది అదే.

అమ్మ దగ్గర కత్తెర తీసుకున్నాను. లావు పాదాన్ని మధ్యకు కత్తిరించి, బాపు నిజంగా కొలిచిన ఎడమ సగం ఉంచుకున్నాను. సన్న పాదాన్ని అలాగే కత్తిరించి, దాని ఎడమ సగాన్ని బోర్లా తిప్పాను. వెలుతురుకు పట్టుకుంటే కాగితం వెనక నుంచి గుర్తులు కనిపిస్తాయి. రెండు సగాలను పక్కపక్కన చేర్చాను. ఒక వైపు వేలు పొడుగ్గా సాగి మడమలో కలిసింది. రెండో వైపు వేలు పొట్టిగా, వెనక నొక్కుతో. మొత్తం పాదం. ఎడమ పాదం.

బాపు నా భుజం మీదుగా వంగి చూశాడు.

"నేను మడిచిన గనీ, మడిచే జాగ తప్పింది" అన్నాడు.

"నాకూ తోచలేదు గద బాపూ" అన్నాను. అమ్మ మళ్ళీ ఆసు మొదలుపెట్టింది.

తర్వాతిదంతా కంప్యూటరు చేసింది. ప్రతి పాదంలోంచి మడత సగం తీసేసి, కొలిచిన సగాలను మాత్రమే ఉంచమని, ఒక కాలి సగాన్ని తిరగేసి పక్క కాలి సగంతో అతికించమని ప్రోగ్రాంలో నాలుగు వరసలు చేర్చాను. తెర మీద పాదాలు ఒక్కొక్కటే లేచాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. సారు ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.

"వేరువేరు అడుగుల సగాలను అతికించావు. అవి ఒకే జంతువు పాదమని నేనెలా నమ్మను?"

అందుకు నా దగ్గర మొదటి అడుగుంది. చట్రమంతా నేను కొలిచింది, ఏ మడతా లేనిది, అదీ ఎడమ కాలిదే. దాన్ని తెర మీదికి తెచ్చి, అతికించిన ఎడమ పాదాన్ని దాని మీద పరిచాను. వేలి మీద వేలు, మడమ మీద మడమ, నొక్కు మీద నొక్కు కూర్చున్నాయి. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆ గదిలో మేమిద్దరం వట్టికాళ్ళతో ఉన్నాం.

"గ్రానైటు వద్దులే" అన్నాడు.

సెమినారులో నేను ఏదీ దాచలేదు. కొలతల్లో సగం ఎందుకు పనికిరాలేదో చెప్పాను. మా ఇంట్లో పువ్వులెలా కడతారో చెప్పాను. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగి, ఆయన నవ్వడం అయ్యేదాకా చూసి, మళ్ళీ మొదలుపెట్టాను. అతికించిన పాదాలు వరసగా తెర మీద నడిచినప్పుడు మాత్రం వెనక వరసల వాళ్ళు లేచి నిలబడి చూశారు. చివర్లో ఒక పెద్దాయన లేచి, ఇంత సున్నితంగా కొలిచినవాళ్ళెవరు, ఏ సంస్థలో శిక్షణ పొందారు అని అడిగాడు.

"మా బాపు" అన్నాను. "చిట్కి కడతడు."

ఆ రెండో మాట నా నోట్లోంచి మా ఊరి తీరులోనే వచ్చింది. దిద్దుకోవాలనిపించలేదు. నా జీవితంలో చాలా పేపర్లు చదివాను, చాలా ప్రశ్నలకు జవాబులు చెప్పాను. దేనికీ అంత గర్వపడలేదు.

ఇంటికి పోయి బాపుకు అదంతా చెప్పాను. రెండు రోజుల తర్వాత, మొత్తంగా అతికిన పాదం ప్రింటు ఒకటి కావాలన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మళ్ళీ నేను ఊరికి పోయేసరికి పడుగు దారాలను రంగులో ముంచి ఆరబెట్టాడు. నీలం దారాల మీద తెల్లటి పాదాలు. ఎడమ కాలొక్కటే వరసగా కట్టాడు. దారాలను మడిచి కట్టాడు కాబట్టి విప్పగానే రెండు కాళ్ళు వచ్చాయి, ఎడమా కుడీ. ఈసారి మడత సరైన జాగాలో ఉంది. కానీ ఆయన మొహంలో తృప్తి లేదు. దారాలను ఇంటి నేల పొడుగునా పరిచి, చేతులు వెనక కట్టుకుని వాటి చుట్టూ తిరుగుతున్నాడు.

"నిలవడ్డది గనీ నడుస్తలేదే" అన్నాడు.

నిజమే. మడత విప్పితే వచ్చిన రెండు కాళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరో పిలిస్తే ఆగి నిలుచున్న జంతువులా ఉంది. నేనేదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. నేల మీద మోకాళ్ళూని, పరిచిన దారాల్లో కుడి సగాన్ని రెండు చేతులా మెల్లగా పట్టుకుని, ఎడమ సగాన్ని కదలనివ్వకుండా ముందుకు జరపడం మొదలుపెట్టాడు. తెల్లటి పాదాలు ఒక వైపు నిలిచి ఉన్నాయి, ఇంకో వైపు కదులుతున్నాయి. కుడి పాదం రెండు ఎడమ పాదాల నట్టనడిమికి వచ్చేదాకా జరిపాడు.

ఆరున్నర కోట్ల ఏళ్ళ కింద బురదలో నడిచిపోయి, ఇప్పుడు నిండు చెరువు కింద ఎవరికీ కనిపించకుండా ఉన్న ప్రాణి, మా ఇంటి నేల మీద, మా బాపు చేతుల కింద, ఒక అడుగు ముందుకు వేసింది.

"మడిస్తె నిలవడ్తది, జరిపితె నడుస్తది" అన్నాడు ఆయన, తనలో తాను చెప్పుకున్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, "అట్లనే జూస్తవేందే? గా కొస పట్టుకో, మళ్ళ కదుల్తది" అని గద్దించాడు.

పట్టుకున్నాను.